రూబెన్ శాండ్‌విచ్ తడిసి ముద్దవ్వకుండా

రూబెన్ అంటే రై అనే ధాన్యంతో చేసిన బ్రెడ్ మధ్య ఉప్పునీళ్లలో ఊరబెట్టిన బీఫ్, చీజ్, పులియబెట్టిన క్యాబేజీ పెట్టి కాల్చే శాండ్‌విచ్. హోటల్ స్పోర్ట్స్ బార్‌లో అది తెప్పించుకుంటే తరచూ ఒకటే గొడవ. మ్యాచ్ చూస్తూ సగం తినేలోపే కింది బ్రెడ్ నానిపోతుంది, చేత్తో ఎత్తగానే లోపలిదంతా ప్లేట్లో పడుతుంది.

ఆ తడి ముఖ్యంగా రెండింటి వల్ల వస్తుంది: పులియబెట్టిన క్యాబేజీ, అదే సావర్‌క్రాట్, ఇంకా రష్యన్ డ్రెస్సింగ్ అనే మయోనైజ్ సాస్. అందుకని ఆర్డర్ ఇచ్చేటప్పుడే డ్రెస్సింగ్ చిన్న కప్పులో విడిగా ఇవ్వమనండి. సావర్‌క్రాట్ నీళ్లు గట్టిగా పిండి పెట్టమనండి. రై బ్రెడ్ కాస్త ఎక్కువగానే కాల్చమని, స్విస్ చీజ్ కింద ఒక స్లైసు, పైన ఒక స్లైసు వేయమని చెప్పండి. చీజ్ కరిగి బ్రెడ్‌కి అంటుకుంటే తడి త్వరగా దిగదు. తినేటప్పుడు ముక్క అంచుని డ్రెస్సింగ్‌లో ముంచుకోవడమే. నాకైతే రుచి కూడా ఇలాగే నచ్చింది. బీఫ్ తినని వాళ్ళు టర్కీ కోడి మాంసంతో చేసే టర్కీ రూబెన్ ఉందేమో అడగొచ్చు, ఇదే పద్ధతి దానికీ పనికొస్తుంది.

చాలాచోట్ల సైజు పెద్దది కాబట్టి సగం ముందే పక్కన పెట్టి, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు లోపలి మాంసం, క్యాబేజీ మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా వేడి చేసి, బ్రెడ్‌ని మాత్రం పొడి పెనం మీద సన్నటి మంటపై కాల్చుకోండి. బ్రెడ్‌ని మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పెద్ద మ్యాచ్ ఉన్న రాత్రి కొన్ని కిచెన్లలో శాండ్‌విచ్‌లు ముందే పేర్చి ఉంచుతారు. అప్పుడు ఈ మార్పులేవీ కుదరవు, ఫోర్కు, కత్తి అడిగి తెప్పించుకోండి.