ఒకే నెట్ కనెక్షన్ రెండు కంప్యూటర్లకి ఎలా పెట్టుకోవాలి

ఇంట్లో నెట్ ఒకటే ఉండి కంప్యూటర్లు రెండైతే ఇంకో కనెక్షన్ తీసుకోవాలేమో అనుకుంటారు చాలామంది, అస్సలు అక్కర్లేదండి. ముందు నెట్ వాళ్ళు పెట్టి వెళ్ళిన డబ్బాని వెనక్కి తిప్పి చూడండి. ల్యాన్ (LAN) అని రాసిన పోర్టులు రెండో నాలుగో ఉండి, కింద స్టిక్కర్ మీద వైఫై పేరూ పాస్‌వర్డూ ఉంటే అందులో నెట్‌ని పంచే రౌటర్ కూడా ఉన్నట్టే. రెండో కంప్యూటర్‌ని ల్యాన్ కేబుల్‌తో ఖాళీ పోర్టుకి తగిలించండి, లేదా వైఫైకి కనెక్ట్ చెయ్యండి, అంతే, సెట్టింగులేవీ ముట్టుకోవద్దు.

ఆ డబ్బా ఒకటే పోర్టున్న మోడెమ్, అంటే నెట్ లైన్‌ని కంప్యూటర్‌కి అందించేది మాత్రమే అయితేనే అసలు పని. ఇక్కడ కొంతమంది నెట్‌వర్క్ స్విచ్, అంటే ఒక కేబుల్‌కి చాలా పోర్టులు ఇచ్చే డబ్బా కొనుక్కొచ్చి మధ్యలో పెట్టేస్తారు, అప్పుడు ఒకదాంట్లో నెట్ వస్తుంది రెండోదాంట్లో రాదు, ఎందుకంటే మామూలుగా ఇంటి కనెక్షన్‌కి ఒక్క ఐపీయే (నెట్‌లో మెషిన్‌కి ఉండే నంబర్ అడ్రస్) ఇస్తారు, దాన్ని పంచడం స్విచ్ పని కాదు, రౌటర్ పని. రౌటర్ ఆ ఒక్క ఐపీని బయటివైపు తను పెట్టుకుని లోపలున్న ప్రతి సిస్టమ్‌కీ విడిగా ఓ ఐపీ, ఎక్కువగా 192.168తో మొదలయ్యేది, తనే ఇచ్చి ఎవరడిగిన పేజీ వాళ్ళకి పంపిస్తుంది. మోడెమ్ వైరు రౌటర్ వాన్ (WAN) పోర్టులో, కంప్యూటర్లు రెండూ ల్యాన్ పోర్టుల్లో పెట్టి, మోడెమ్‌ని ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి, కొన్ని మోడెమ్‌లు అంతకుముందు తగిలించిన మెషిన్‌నే గుర్తుపెట్టుకుని కొత్తదానికి నెట్ ఇవ్వవు. ఇన్నాళ్ళూ కంప్యూటర్‌లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయ్యేవాళ్ళైతే ఇప్పుడు వాటిని బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగుల పేజీలో, పీపీపీఓఈ (PPPoE, యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ రకం) దగ్గర ఇవ్వాలి.

రౌటర్ లేదు, రెండూ విండోస్ సిస్టమ్‌లే అంటే మొదటి కంప్యూటర్ చేతే ఆ పని చేయించొచ్చు. దానికి మోడెమ్ వైపు ఒక కనెక్షన్, రెండో కంప్యూటర్ వైపు ఇంకో కనెక్షన్ ఉండాలి, ల్యాన్ పోర్టు ఒకటే ఉంటే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, నెట్ వచ్చే కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, అందులో మొదటి టిక్. జాగ్రత్త, టిక్ పెట్టాల్సింది నెట్ వచ్చేవైపే, రెండో కంప్యూటర్ వైపున్న దాని మీద పెడితే ఏమీ పనిచెయ్యదు. ఇప్పుడు మొదటిది 192.168.137.1 అవుతుంది. రెండోదాంట్లో ఐపీ ఆటోమేటిక్‌లోనే ఉంచండి. విండోస్ 10, 11లో కేబుల్ కూడా లేకుండా మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి వైఫై ద్వారా ఇవ్వొచ్చు, రెండింట్లోనూ వైఫై ఉంటే చాలు.

నెట్ రాకపోతే రెండో కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే అసలు ఐపీయే అందలేదని, కేబుల్ వదులుగా ఉందేమో, టిక్ సరైన చోటే పెట్టారో లేదో చూడాలి. ఐపీ బాగానే ఉంటే అక్కడే ping 8.8.8.8 అని కొట్టి, నెట్‌లో ఉన్న ఆ అడ్రస్ నుంచి జవాబు వస్తుందో చూడండి, జవాబు వస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే గొడవ డీఎన్ఎస్‌లో, అంటే సైట్ పేరుని ఐపీగా మార్చే దాంట్లో ఉంది. ఇంకోటి, మొదటి కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక షేరింగ్ పనిచెయ్యకపోవడం విండోస్‌లో జరుగుతూనే ఉంటుంది, టిక్ తీసేసి మళ్ళీ పెడితే వస్తుంది.

ఈ పద్ధతిలో మొదటిది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, స్లీప్‌లోకి వెళ్ళిందా రెండోదాంట్లో నెట్ పోతుంది, పరీక్షో మీటింగో మధ్యలో ఉన్నవాళ్ళకి అది ఎంత ఇబ్బందో ఆలోచించండి. అందుకే వీలైతే రౌటరే తీసుకోమంటాను. ఎలా పెట్టుకున్నా స్పీడ్ మాత్రం ఇద్దరికీ కలిపి అంతే, ఒకళ్ళు పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే రెండోవాళ్ళ వీడియో కాల్ ఆగుతుంది, రౌటర్‌లో క్యూఓఎస్ అనే ఆప్షన్ ఉంటే కాల్స్ చేసే సిస్టమ్‌కి ప్రయారిటీ ఇచ్చేయండి.