అమెరికాలో థైరాయిడ్ అనుమానమా? స్టూడెంట్ ఇన్సూరెన్స్‌తో ఇలా చూపించుకోండి

మన ఇళ్లలో "ఆవిడకు థైరాయిడ్ ఉంది" అంటే రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటోందని అందరికీ తెలుస్తుంది. అదే మాట అమెరికాలో డాక్టరుతో అంటే ఏమీ చెప్పనట్టే, ఎందుకంటే థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటుంది. అది తక్కువ పనిచేస్తోందా (హైపో), ఎక్కువ పనిచేస్తోందా (హైపర్), లేక గొంతు దగ్గర గడ్డ ఉందా అన్నదే వాళ్లు అడుగుతారు. ఈ మూడింటికీ పరీక్షలు వేరు, మందులు వేరు, ఖర్చూ వేరే.

హైపో విషయంలో వైద్యం చవకే: ఒక రక్తపరీక్ష, రోజుకో మాత్ర. విద్యార్థులకు చెయ్యి కాలేది పనులు తలకిందుల వరుసలో చేసినప్పుడు. నేరుగా ల్యాబ్‌కో, స్పెషలిస్టు దగ్గరికో వెళ్లి, బిల్లు వచ్చాక పాలసీ తెరిచి చూస్తారు. ముందు తెరవాల్సింది పాలసీనే.

మీ ప్లాన్ ఏ రకం?

యూనివర్సిటీ ఫీజుతో పాటు కట్టే ప్లాన్ ఒక రకం. దాన్ని వద్దని రాసిచ్చి (వెయివ్ చేసి), సీనియర్లు చెప్పారని బయట కొనుక్కున్న చవక ప్లాన్ ఇంకో రకం. యూనివర్సిటీ ప్లాన్లలో ఎక్కువ భాగం ఏసీఏ (ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం) నిబంధనలకు లోబడినవి, కాబట్టి పాత జబ్బు అని చెప్పి వైద్యం ఎగ్గొట్టడానికి లేదు. బయట అమ్మే చవక ప్లాన్లలో చాలావాటికి ఆ నిబంధనలు వర్తించవు. "ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్" అంటే 6 నెలలో 12 నెలలో ఆగమంటాయి, కొన్ని అసలే ఇవ్వవు.

పాలసీ పీడీఎఫ్ తెరిచి నాలుగు మాటలు వెతకండి: ప్రీ-ఎగ్జిస్టింగ్ (పాత జబ్బు), రిఫరల్ (బయటి డాక్టరు దగ్గరికి పంపే చీటీ), డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలయ్యే ముందు మీరు కట్టాల్సిన మొత్తం), ల్యాబ్. మొదటిదాని నిర్వచనాన్ని పూర్తిగా చదవండి. కొన్ని ప్లాన్లలో డాక్టరు జబ్బు పేరు చెప్పి ఉండాల్సిన పనే లేదు, పాలసీ మొదలయ్యే ముందు లక్షణాలు కనిపించినా పాత జబ్బు కిందికే వస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండేళ్ల కిందట టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష, గ్రంథి తక్కువ పనిచేస్తే ఈ అంకె పెరుగుతుంది) కొంచెం ఎక్కువ వచ్చి, మందు అక్కర్లేదన్నారనుకోండి. దాన్ని దాచకండి, అలాగని పెంచీ రాయకండి. "థైరాయిడ్ ఉండేది" అని రాస్తే అది జబ్బు ఉన్నట్టు ఒప్పుకోవడమే. "ఫలానా నెలలో టీఎస్‌హెచ్ 5.2 వచ్చింది, మందు వాడలేదు" అని రాస్తే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. దాచితే మాత్రం తర్వాత పాత రికార్డులు అడిగి క్లెయిమ్ మొత్తం తిప్పికొట్టగలరు.

ఇంకా ఇండియాలోనే ఉండి, ఇంట్లో అమ్మకో అక్కకో ఈ సమస్య ఉంటే, వెయివర్ జోలికి పోవద్దన్నదే మా సలహా. మధ్యలో మనసు మార్చుకుని యూనివర్సిటీ ప్లాన్‌లో చేరడం సాధారణంగా సెమిస్టర్ మొదట్లోనే కుదురుతుంది.

హెల్త్ సెంటర్ గడప ముందు తొక్కండి

చాలా యూనివర్సిటీ ప్లాన్లు స్టూడెంట్ హెల్త్ సెంటర్ నుంచి రిఫరల్ లేకుండా బయట చూపించుకుంటే తక్కువ చెల్లిస్తాయి, లేదా అసలే చెల్లించవు. పైగా హెల్త్ సెంటర్‌లో చూపించుకోవడానికి చాలాచోట్ల విడిగా రుసుము ఉండదు, ఉన్నా కొద్దిగానే. ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల స్పెషలిస్టు) అపాయింట్‌మెంట్‌కు నెలలు పట్టడం మామూలే. మామూలు హైపోథైరాయిడిజానికి ఆయనే అక్కర్లేదు, హెల్త్ సెంటర్ డాక్టరో నర్స్ ప్రాక్టిషనరో పరీక్ష రాసి మందు మొదలుపెట్టగలరు.

అక్కడ మీరేం చెబుతారన్నది బిల్లును మార్చేస్తుంది. లక్షణాలేమీ లేనివాళ్లకు థైరాయిడ్ పరీక్ష చేయాలో వద్దో చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2015లో తేల్చింది. అందుకే ఉచితంగా ఇచ్చే ప్రివెంటివ్ పరీక్షల్లో ఇది లేదు. "వార్షిక చెకప్‌లో థైరాయిడ్ కూడా చూసేయండి" అంటే స్క్రీనింగ్ (లక్షణాలు లేకుండా చేసే పరీక్ష) కోడ్ పడి, ఇన్సూరెన్స్ తిప్పికొట్టే అవకాశం ఉంది. మీకు నిజంగా ఉన్న లక్షణాలను ఎప్పటి నుంచో సహా చెప్పండి: మూడు నెలలుగా నీరసం, 4 కిలోల బరువు పెరగడం, మలబద్ధకం, నెలసరి తేడా, చలికి తట్టుకోలేకపోవడం. హైపర్ అయితే గుండె దడ, చేతుల వణుకు, తింటున్నా బరువు తగ్గడం. అప్పుడు పరీక్ష కాగితం మీద లక్షణం కోడ్ పడుతుంది, నీరసానికైతే R53.83 లాంటిది. ఇంట్లో ఎవరికి ఏ థైరాయిడ్ సమస్య ఉందో కూడా చెప్పండి. ఇండియా రిపోర్టులు ఫోన్‌లో ఉంటే చూపించండి. టీఎస్‌హెచ్ కొలమానం పేరు వేరుగా రాసినా అంకె అదే, మార్చుకోవాల్సిన పని లేదు.

జుట్టు ఊడటమే ప్రధాన బాధ అయితే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 కూడా చూడమని అడగండి. శాకాహారుల్లో అసలు దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు.

రక్తం ఇచ్చే ముందు

మన దగ్గర థైరాయిడ్ హార్మోన్లయిన టీ3, టీ4, వాటితో టీఎస్‌హెచ్, మూడూ కలిపి ప్రొఫైల్‌గా చేస్తారు. అక్కడ టీఎస్‌హెచ్ ఒక్కటే ముందు చేసి, తేడా ఉంటే అదే రక్తంతో ఫ్రీ టీ4 చేసే పద్ధతి ఉంది. దాన్ని "టీఎస్‌హెచ్ విత్ రిఫ్లెక్స్" అంటారు. అలా రాయమని అడిగితే అనవసరమైన పరీక్షల డబ్బు మిగులుతుంది.

హెల్త్ సెంటర్‌లో రక్తం తీసినా దాన్ని ఏ ల్యాబ్‌కు పంపుతారో అడగండి. డాక్టరు నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవారి జాబితాలో) ఉండి ల్యాబ్ బయటిదైతే ఆ బిల్లు వేరుగా ఇంటికొస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, పరీక్ష కోడ్ చెప్పి, "ఈ ల్యాబ్‌లో నేనెంత కట్టాలి?" అని అడగండి. టీఎస్‌హెచ్ కోడ్ 84443, ఫ్రీ టీ4 84439, యాంటీ-టీపీఓ (థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్ష) 86376, మెడ అల్ట్రాసౌండ్ 76536. ఫోన్ ఎత్తినవారి పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత గొడవ వస్తే పనికొచ్చేది అదే.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి. 5,000, 10,000 మైక్రోగ్రాముల మాత్రలు కొన్ని ల్యాబ్ యంత్రాలను తప్పుదారి పట్టిస్తాయి. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి, లేని హైపర్‌ను పుట్టిస్తాయి. అది నమ్మి స్కాన్ల దాకా వెళ్తే ఖర్చు ఎక్కడికో పోతుంది. టీఎస్‌హెచ్‌కు పరగడుపున ఉండక్కర్లేదు. కాకపోతే ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు ఇస్తే అంకెల్ని పోల్చుకోవచ్చు.

అంకెలు, మాత్రలు

చాలా ల్యాబ్‌లలో టీఎస్‌హెచ్ మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4.5. 4.5కూ 10కీ మధ్య ఉండి ఫ్రీ టీ4 బాగుంటే, వెంటనే మందు రాయకుండా రెండు మూడు నెలల్లో మళ్లీ చూద్దామనడం సరైన పద్ధతే, అక్కడి డాక్టర్లు పట్టించుకోరని అనుకోకండి. 10 దాటినా, టీ4 తగ్గినా సాధారణంగా మందు మొదలవుతుంది. గర్భం ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా ఈ లెక్కలు మారతాయి, ముందే చెప్పండి.

మందు లెవోథైరాక్సిన్. ఇండియాలో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, అక్కడ సింథ్రాయిడ్, లెవోక్సిల్, యూనిథ్రాయిడ్, అన్నీ ఇదే. జనరిక్ చాలు. ఒకే కంపెనీ జనరిక్ ప్రతిసారీ ఇవ్వమని ఫార్మసీని అడగండి, మారితే మోతాదు కాస్త అటూ ఇటూ కావచ్చు. పూర్తి మోతాదు కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. తేడా కొద్దిగానే ఉంటే 25తోనో 50తోనో మొదలుపెడతారు. మన దగ్గర దొరికే 12.5, 62.5 మాత్రలు అక్కడ ఉండవు. డాక్టరు దగ్గరి మోతాదుకు మారుస్తారు, సొంతంగా సగం విరిచి లెక్కలు వేయకండి.

పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాల దాకా కాఫీ కూడా వద్దు. పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో మాత్ర మింగేవాళ్లే ఆ తర్వాత మోతాదు చాలడం లేదంటుంటారు. ఐరన్, క్యాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం కావాలి. 6 నుంచి 8 వారాల తర్వాతే టీఎస్‌హెచ్ మళ్లీ చేయించాలి. ఈ మందు సగం తగ్గడానికే వారం పడుతుంది, ముందే చేస్తే తప్పుడు అంకె వస్తుంది, ఇంకో బిల్లూ వస్తుంది.

ఫార్మసీలో 90 రోజులకు రాయించుకోండి. నగదు ధర ఎంతో కూడా అడగండి. జనరిక్ కాబట్టి డిస్కౌంట్ కూపన్ ధర ఒక్కోసారి మీ కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా మీరు కట్టే వంతు) కంటే తక్కువ ఉంటుంది. ఇండియా డాక్టరు చీటీకి అక్కడి ఫార్మసీ మందివ్వదు. ఇండియా నుంచి వస్తూ తెచ్చుకుంటే చీటీతో, అసలు డబ్బాలోనే, 90 రోజులకు మించకుండా తెచ్చుకోండి. కొరియర్‌లో తెప్పించుకోవద్దు, కస్టమ్స్‌లో ఆగిపోతే మధ్యలో మందు ఆగుతుంది.

హైపర్ అయితే ఎండోక్రినాలజిస్ట్ కావాలి. రిఫరల్ అడిగేటప్పుడే "అర్జెంట్" అని రాయించుకోండి. గుండె దడకు ఈలోగా హెల్త్ సెంటర్ డాక్టరే ప్రొప్రనొలాల్ లాంటిది ఇవ్వగలరు, ఆస్తమా ఉంటే చెప్పాలి. ఇండియాలో నియోమెర్కజోల్ వాడి ఉంటే అది కార్బిమజోల్, అమెరికాలో దొరకదు. అక్కడ ఇచ్చేది మెథిమజోల్. మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము సమానం కాదు: 10 కార్బిమజోల్ సుమారు 6 మెథిమజోల్. ఈ మందు మీద ఉండగా జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలి. విపరీతమైన దడతో పాటు జ్వరం, తికమక ఉంటే కోపే లెక్కలు పక్కన పెట్టి 911కు ఫోన్ చేయండి. ఆరోగ్యం వల్ల కోర్సులు తగ్గించుకోవాల్సి వస్తే, డాక్టరు లేఖతో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా విషయాలు చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతి వచ్చాకే డ్రాప్ చేయాలి. ముందు డ్రాప్ చేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు.

చేతికి గడ్డ తగలనప్పుడు, ఉత్త టీఎస్‌హెచ్ తేడాకే అల్ట్రాసౌండ్ అక్కర్లేదు. మన దగ్గర చేసేస్తారు కదా అని అడిగి చేయించుకుంటే, ఏ హానీ చేయని చిన్న గడ్డ బయటపడి, సూది పరీక్ష దాకా లాక్కెళ్లే అవకాశం ఉంది.

కాగితం వచ్చాక

మొదట వచ్చేది ఈఓబీ (ఇన్సూరెన్స్ ఎంత చెల్లిస్తుందో, మీ వంతు ఎంతో చెప్పే కాగితం), అది బిల్లు కాదు. ల్యాబ్ బిల్లు వచ్చాక రెండిట్లో "మీరు కట్టాల్సింది" అంకె ఒకటేనా చూసి కట్టండి. ఉదాహరణకు డిడక్టబుల్ 500 డాలర్లు, ఇంకా ఏమీ కట్టలేదు, అల్ట్రాసౌండ్‌కు ఇన్సూరెన్స్ ఒప్పుకున్న ధర 300 అనుకుంటే ఆ 300 మీరే కట్టాలి. ప్లాన్ ఏడాది చాలావరకు ఆగస్టులో కొత్తగా మొదలవుతుంది కాబట్టి, డిడక్టబుల్ నిండిపోయిన ఏడాదైతే మిగిలిన పరీక్షలు జూలైలోపే చేయించుకోండి.

క్లెయిమ్ తిప్పికొడితే ముందు కారణం కోడ్ చూడండి. స్క్రీనింగ్ కోడ్ వల్లయితే, హెల్త్ సెంటర్‌కు ఫోన్ చేసి, చార్టులో లక్షణాలు రాసి ఉన్నాయి కాబట్టి సరైన కోడ్‌తో మళ్లీ పంపమనండి, చాలాసార్లు అక్కడితో తెగిపోతుంది. తెగకపోతే ఏసీఏ ప్లాన్లలో అప్పీలుకు 180 రోజులు, అదీ కాదంటే బయటి సమీక్ష అడగడానికి 4 నెలలు గడువుంటుంది. అప్పీలు నడుస్తోందని ల్యాబ్ బిల్లింగ్ వాళ్లకూ చెప్పి, కలెక్షన్స్‌కు (బాకీ వసూలు చేసేవాళ్లకు) పంపకుండా ఆపమనండి.

డిగ్రీ అయిపోయి ఓపీటీకి (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతికి) మారే నెలలో ప్లాన్ ముగిసే తేదీ చూసుకుని, దానికి రెండు వారాల ముందు టీఎస్‌హెచ్ చేయించి, 90 రోజుల మందు తీసుకోండి. రోగుల పోర్టల్ నుంచి రిపోర్టులన్నీ దించుకోండి, యూనివర్సిటీ ఈమెయిల్ మూతపడితే ఆ పోర్టల్‌లోకి వెళ్లడం తలనొప్పి అవుతుంది.