డబ్బు అడగడానికి ముందు: సృజనాత్మక ప్రాజెక్టుకు ఆన్‌లైన్ సాధనాలను ఏ వరుసలో వాడాలి

బొమ్మల పుస్తకమో, లఘుచిత్రమో, పాటల సంకలనమో పదిమంది ఇచ్చే సొమ్ముతో తీసుకురావాలనుకునేవారు చాలామంది నేరుగా క్రౌడ్‌ఫండింగ్ సైటుకు వెళ్లి పేజీ తెరుస్తారు. అది చివర చేయవలసిన పని. ముందుగా జట్టు కలిసి పనిచేసుకునే చోటు కుదరాలి, తరువాత ఆ పని మీద ఆసక్తి ఉన్న పాఠకులు పోగవ్వాలి, ఆ రెండూ ఉన్నాకే డబ్బు ప్రస్తావన తేవాలి.

ఒక రచయిత, ఒక చిత్రకారిణి, ఒక సంపాదకుడు కలిసి పిల్లల బొమ్మల పుస్తకం చేస్తున్నారనుకుందాం. రాతప్రతిని ఈమెయిల్‌లో అటూ ఇటూ పంపుకుంటే కొద్ది రోజులకే ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అనే ఫైళ్లు తయారై, ఎవరు దేన్ని దిద్దుతున్నారో తెలియకుండా పోతుంది. గూగుల్ డాక్స్‌లో ఒకే ప్రతి ఉంచుకుని, రచయిత తప్ప మిగిలినవారు సజెస్టింగ్ మోడ్‌లోనే దిద్దాలని మొదటే అనుకోవాలి. ఆ మోడ్‌లో కొట్టేసిన మాట గీతతో కనిపిస్తూనే ఉంటుంది, కొత్త మాట పక్కనే రంగులో వస్తుంది, రచయిత ఒప్పుకున్నాకే అది ప్రతిలో కలుస్తుంది. కామెంట్‌లో @ గుర్తు పెట్టి చిత్రకారిణి ఈమెయిల్ చేర్చి, ‘ఆరో పేజీలో మేక ఎడమవైపు చూడాలి’ అని రాసి అసైన్ చేస్తే ఆ పని ఆమె పేరున నమోదవుతుంది. అది పూర్తయ్యాక ఆమే దాన్ని ముగించవచ్చు. ప్రతి ముఖ్యమైన దశలోనూ వెర్షన్ హిస్టరీలో (పాత మార్పులన్నీ భద్రపడే చోట) ఆ ప్రతికి పేరు పెట్టుకుంటే వెనక్కి వెళ్లడం తేలిక. లింక్ ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చు అన్న సెట్టింగ్‌ను మాత్రం ఎన్నడూ వాడకూడదు.

పనుల పంపకానికి ట్రెల్లో (ఒక్కో పనిని ఒక్కో కార్డుగా చూపే ఆన్‌లైన్ సాధనం) బోర్డు మీద చేయవలసినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అనే మూడు వరుసలు చాలు. ప్రతి కార్డు మీద ఒక్కరి పేరు, ఒక గడువు తేదీ ఉండాలి. ముగ్గురి జట్టు ఇంతకు మించిన సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే దాన్ని మేపడమే ఒక ఉద్యోగమవుతుంది. హక్కులు ఎవరివి, రాబడిలో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం ఈ దశలోనే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (మీ పనిని కొన్ని షరతులతో ఇతరులు వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) ఇవ్వదలిస్తే, ఒకసారి ఇచ్చిన దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీలుండదని అందరికీ తెలిసి ఉండాలి.

పని నడుస్తుండగానే బ్లాగు మొదలుపెట్టి, చిత్తు బొమ్మలూ వదిలేసిన పేజీలూ చూపిస్తూ రావాలి. బ్లాగును గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనబడుతోందో చూపే సేవ) చేర్చి సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా ఉన్న ఫైలు) సమర్పిస్తే, ఏ మాటలు వెతికినవారికి మీ పేజీ కనబడిందో, వారిలో ఎంతమంది నొక్కారో 16 నెలల వరకు వెనక్కి చూసుకోవచ్చు. ఒక పేజీ తరచుగా కనబడుతున్నా ఎవరూ నొక్కడం లేదంటే ముందుగా శీర్షికను మార్చి చూడండి. సోషల్ మీడియాలో లింక్ పెట్టినప్పుడు శీర్షిక, బొమ్మ సరిగా రావాలంటే పేజీ కోడ్‌లో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (లింక్‌తో పాటు ఏ శీర్షిక, ఏ బొమ్మ చూపాలో చెప్పే గుర్తులు) ఉండాలి. బొమ్మ కొలత 1200×630 పిక్సెళ్లు ఉంటే చాలాచోట్ల కత్తిరింపు లేకుండా కనిపిస్తుంది. అదే వ్యాసాన్ని ఇంకోచోట కూడా ప్రచురిస్తే అక్కడ కనానికల్ లింక్ (అసలు ప్రతి ఏదో సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే కోడ్) ద్వారా అసలు పేజీని చూపాలి.

వీటన్నిటికంటే విలువైనది న్యూస్‌లెటర్ జాబితా. సోషల్ మీడియాలో మీ మాట ఎవరికి చేరాలో ఆ సంస్థ అల్గారిథమ్ నిర్ణయిస్తుంది; ఈమెయిల్ జాబితాను మీరు డౌన్‌లోడ్ చేసుకుని రేపు ఇంకో సేవకు మారవచ్చు. అనుమతి ఇచ్చినవారినే చేర్చాలి, ప్రతి లేఖలోనూ వైదొలిగే లింక్ ఉంచాలి.

ఇక డబ్బు సంగతి. 2009లో మొదలైన క్రౌడ్‌ఫండింగ్ సైటు కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే మద్దతుదారుల నుంచి సొమ్ము వసూలవుతుంది, చేరకపోతే ఏమీ రాదు. 2013లో వచ్చిన పేట్రియాన్ నెలనెలా చందా ఇచ్చే పద్ధతికి పేరుపొందింది. ఒక్క పుస్తకానికి మొదటిది, విడవకుండా సాగే కామిక్‌కో పాడ్‌కాస్ట్‌కో రెండోది నప్పుతుంది. కిక్‌స్టార్టర్ కొన్ని దేశాల్లో నివసించేవారికే ప్రాజెక్టు పెట్టే వీలు కల్పిస్తుంది కాబట్టి, మిగతా పనులు మొదలుపెట్టకముందే ఆ జాబితా చూసుకోవాలి.

లక్ష్యం లెక్కలోనే ఎక్కువమంది తడబడతారు. కిక్‌స్టార్టర్ రుసుము 5 శాతం, చెల్లింపుల ఖర్చు దానికి అదనం. రెండూ కలిపి 10 శాతం అనుకోండి. ముద్రణకు, ప్యాకింగ్‌కు, రవాణాకు కలిపి 1,00,000 కావాలంటే 1,10,000 అడగడం చాలదు, ఎందుకంటే అందులో 10 శాతం పోగా మిగిలేది 99,000. కావలసిన మొత్తాన్ని 0.9తో భాగించాలి, అంటే సుమారు 1,11,112 అడగాలి. పన్నులు ఇందులో చేరలేదు. కొందరి కార్డుల నుంచి సొమ్ము రాకపోవచ్చు కాబట్టి ఇంకొంత కలుపుకోవడం మంచిది.

ప్రచారాన్ని 60 రోజుల వరకు నడపవచ్చు గాని 30 రోజులు చాలు, మధ్య వారాల్లో ఎలాగూ ఊపు తగ్గుతుంది. ప్రచారం మొదలుకాకముందే కిక్‌స్టార్టర్‌లో ముందస్తు పేజీ పెట్టి, దాన్ని అనుసరించేవారిని కూడగట్టి, మొదటి రోజునే న్యూస్‌లెటర్ జాబితాకు లేఖ పంపాలి. ఇచ్చిన సొమ్మును బట్టి మద్దతుదారులకు అందే బహుమతుల స్థాయిలు నాలుగైదుకు మించకూడదు. టీషర్టులు, కప్పులు చేర్చిన కొద్దీ సైజులు, విరిగినవి, తిరిగొచ్చినవి అంటూ పుస్తకానికి సంబంధం లేని పని పెరుగుతుంది. ఈ–బుక్ స్థాయి ఒకటి తప్పక ఉంచండి, దానికి రవాణా ఖర్చు లేదు.

ప్రచారం ముగిశాక నెలకొకసారైనా పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియజేయాలి, ఆలస్యమైతే కారణంతో సహా. చిరునామాలను ఆరంభంలోనే తీసుకుంటే ఈలోపు కొందరు ఇళ్లు మారతారు కాబట్టి, ముద్రణ పూర్తి కావచ్చినప్పుడే సర్వే పంపి సేకరించాలి. పుస్తకాలు అందరికీ చేరాక ఆ చిరునామాల జాబితాను ఉమ్మడి ఫోల్డర్‌లో వదిలేయకుండా తొలగించాలి.