నానమ్మ దాచిన యెరూషలేము పూల పుస్తకం మద్రాసు ఉక్కలో పాడవకుండా ఉంచాలంటే

పెరంబూర్‌లో మా నానమ్మ బీరువాలో బైబిల్ కింద ఒక చిన్న పుస్తకం ఉండేది, ఒలీవ చెక్క అట్టలు, లోపల పేజీకొక ఎండు పూలగుత్తి అంటించి కింద బేత్లెహేము, గెత్సేమనే, ఒలీవల కొండ అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యెరూషలేము యాత్రకెళ్లినవాళ్లు కొనుక్కొచ్చుకున్న సావనీర్లు ఇవి. మీ ఇంట్లోనూ ఒకటి ఉంటే ఇది చదవండి.

ముందు పువ్వు నిజమైనదేనా చూడండి. భూతద్దం పెడితే అచ్చు బొమ్మైతే రంగు చుక్కలు కనిపిస్తాయి, నిజం పువ్వైతే ఈనెలు, కాస్త ఎత్తు, ఎదుటి పేజీ మీద గోధుమరంగు మరక కూడా ఉంటుంది. ఆ మరకని తుడవకండి బాబూ, అదే సాక్ష్యం! ఎర్ర అనిమోన్ ఉంటే రంగు వెలిసి గోధుమరంగుకి తిరిగి ఉండొచ్చు, మత్తయి 6వ అధ్యాయంలో చెప్పిన అడవి పువ్వు ఇదేనని కొందరంటారు.

ఇక అసలు శత్రువు వయసు కాదు, మన చెన్నై గాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో బూజు పట్టేస్తుంది. అలాగని మేడ మీద ఎండలో పెట్టొద్దు, నేను ఆ తెలివితక్కువ పని చేశాను, మధ్యాహ్నానికల్లా చెక్క అట్ట వంగింది, రెండు పూరేకులు విరిగిపోయాయి. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చుకుని రంగు మారే సిలికా జెల్ గుళికలు వేసి, పుస్తకానికి తగలకుండా, పక్కన తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టండి, 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు, మరీ పొడిగా అయినా పువ్వు అప్పడంలా పెళుసెక్కి విరుగుతుంది. జెల్ రంగు మారగానే మార్చాలి.

పురుగు తొలిచిన పొడి కనిపిస్తే కలరా ఉండలు వద్దు. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు కవర్ తెరవకూడదు, తెరిస్తే నీటి చుక్కలు పేజీల మీదే చేరతాయి. చెక్క అట్ట ఇప్పటికే బీటలు వారి ఉంటే మాత్రం ఫ్రీజర్ జోలికి పోకండి, పాత పుస్తకాలు బాగుచేసే కన్సర్వేటర్‌కి చూపించండి.

పేజీల మధ్య యాసిడ్ లేని పల్చటి టిష్యూ పెట్టండి, న్యూస్‌పేపర్ వద్దు. ఊడిన పువ్వుకి ఫెవికాల్, సెల్లోటేప్, మైదా జిగురు ఏదీ వద్దు, మైదాకైతే బొద్దింకలు పరిగెత్తుకొస్తాయి. లామినేషన్ అన్న మాటే ఎత్తకండి. ఫోటోలు తీసేటప్పుడు పుస్తకాన్ని పూర్తిగా వెల్లకిలా తెరవకుండా రెండు అట్టల కింద మెత్తటి బట్ట మడత పెట్టుకోండి, చేతులు కడిగి ఆరాకే ముట్టుకోండి.

ఊడినవాటిని చిన్న టిష్యూ కవర్లో వేసి ఏ పేజీదో పెన్సిల్‌తో రాసి అక్కడే ఉంచండి, రాలిన పొడి కూడా అంతే. మా అత్త ఒకసారి దుమ్మనుకుని పుస్తకాన్ని వాకిట్లో దులిపేసింది, అందుకే మా యొర్దాను పేజీలో ఇప్పుడు మరక ఒక్కటే మిగిలింది.