మృగశిర లోపు పాత కారు నట్లు అతికించేవాళ్లకి

రోహిణి ఎండలు ముదరగానే మా షెడ్డుకి పాత అంబాసిడర్లు వరస కడతాయి. వానలు పట్టాక అడుగు రేకు పని సాగదని పర్లాకిమిడిలోనూ, ఇటు పాతపట్నంలోనూ అందరికీ తెలిసిందే. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఆ బండి తయారీ ఆగిపోయింది కాబట్టి ఉన్నదాన్నే కాపాడుకోవాలి.

ఈ పాత బళ్లలో సీటు బోల్టు తిప్పితే ఊడి రాదు, అడుగు రేకుకి అతికించిన లోపలి నట్టు కూడా దాంతోపాటు గిర్రున తిరుగుతుంది. రేకుకి పట్టిన వెల్డింగ్ వదిలేసిందన్నమాట. స్పానరుకి గొట్టం తొడిగి బలం చూపిస్తే రేకే చిరుగుతుంది. కింద నుంచి నట్టుని పట్టుకునే వీలుంటే పట్టుకోండి, లేదంటే బోల్టు తల గ్రైండరుతో కోసేసి, ఆ చోట కొత్త నట్టు వెల్డింగ్ పెట్టాలి.

కోసే ముందే రేకు వెనకాల ఏముందో చెయ్యి పెట్టి చూడండి. వైర్లు, బ్రేకు గొట్టం, తారు పూత, కార్పెట్ కింద పరిచే మందపాటి ఫెల్టు గుడ్డ, అన్నీ నిప్పుకి మేతే. రెండేళ్ల కిందట డ్రైవరు సీటు కింద నాలుగు టాకాలు, అంటే చిన్న వెల్డింగ్ చుక్కలు, వేసి, అంతా అయిపోయిందనుకుని టీకి వెళ్లాను. "మావా, కారులోంచి పొగొస్తంది!" అని మా కుర్రాడు కేకేశాడు. ఫెల్టు లోలోపల రాజుకుంది. అప్పట్నుంచి పని అయ్యాక కూడా నీళ్ల బకెట్టుతో ఓ గంట అక్కడే కూర్చుంటాను.

వెనక డిక్కీ దగ్గర పనైతే పెట్రోలు ట్యాంకు దించేయాల్సిందే. "ఖాళీదే కదా" అంటారు, ఆ ఖాళీలో ఉన్న ఆవిరే పేలుతుంది. బ్యాటరీ కూడా తీసి పక్కన పెట్టండి.

తళతళలాడే జింకు పూత నట్టు వాడొద్దు. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. జింకు పూత లేని నల్ల నట్టు తెచ్చుకోండి. బ్రేకు క్లీనరు స్ప్రేతో తుడిచిన చోట అసలే వెల్డింగ్ పెట్టొద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే మంట తగిలి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

రేకు తుప్పుపట్టి పల్చబడితే ముందు కొత్త ముక్క వేయండి, నట్టు తర్వాత. నట్టులో పాత బోల్టు ఒకటి బిగించి ఉంచితే మరలు పాడవ్వవు, చోటూ తప్పదు. ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలు వేస్తూ మధ్యలో చల్లారనివ్వండి, ఒకేచోట నిలిపితే రేకు చిల్లు పడుతుంది.

సీటు బెల్టు నట్టు సంగతి వేరు. దాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. అక్కడ సాధారణంగా 7/16 అంగుళాల బోల్టు, అంగుళానికి 20 మరలు ఉంటాయి. దగ్గర్లో దొరికిందని 12 ఎంఎం నట్టు అతికిస్తే మర కలవదు. వెల్డింగ్ లేకుండా రేకు చిల్లులో నొక్కి బిగించే రివెట్ నట్టు మడ్‌గార్డుకి చాలు గానీ బెల్టుకి పనికిరాదు. వెనక కనీసం 3 ఎంఎం మందం ప్లేటు వేసి, నమ్మకమైన వెల్డరు చేతికే ఇవ్వండి.

పని మధ్యలో చినుకు పడితే మెషీను ఆపేయండి. తడి నేల మీద, తడి గ్లవుజులతో రాడ్డు పట్టుకోవద్దు. మిగిలిన నట్లు మర్నాడు చూసుకోవచ్చు.