కుక్కకు ప్రథమ చికిత్స – 4వ పాఠం: చాక్లెట్ లెక్క

పోయిన పాఠంలో చిగుళ్ల రంగు చూడటం, ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఈసారి కుక్క తినకూడనిది తినేస్తే మొదటి పది నిమిషాల్లో చేయాల్సిన పనులు చూద్దాం.

నేల మీద చిరిగిన చాక్లెట్ రేపర్, పక్కనే తోక ఊపుతూ కుక్క. అది చూడగానే మనకు కాళ్లూ చేతులూ ఆడవు. ముందు మిగిలిన చాక్లెట్ దానికి అందకుండా తీసేయండి. రేపర్ ముక్కలు పారేయకండి. అన్నీ ఏరి బల్ల మీద పేర్చి చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది.

ఇక లెక్క. చాక్లెట్‌లో కుక్కకు ముఖ్యంగా కీడు చేసేది థియోబ్రోమిన్. కుక్క ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. గ్రాము మిల్క్ చాక్లెట్‌లో ఇది దాదాపు 2 మిల్లీగ్రాములు ఉంటుంది. డార్క్‌లో 5, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తీపి కలపని బేకింగ్ చాక్లెట్‌లో 15 దాకా ఉంటుంది.

10 కిలోల కుక్క 50 గ్రాముల డార్క్ చాక్లెట్ తిన్నదనుకోండి. 50ని 5తో గుణిస్తే 250. దాన్ని 10తో భాగిస్తే కిలో బరువుకు 25 మిల్లీగ్రాములు. 20 దగ్గర వాంతులు, విరేచనాలు, కుదురు లేకపోవడం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పొచ్చు, 60 దాటితే ఫిట్స్ రావచ్చు. అదే 50 గ్రాములు బేకింగ్ చాక్లెట్ అయితే? మీరే వేసి చూడండి, 75 వస్తుంది.

లెక్క ఎంత వచ్చినా వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. "పది కిలోల కుక్క, యాభై గ్రాముల డార్క్ చాక్లెట్, తిని అరగంటైంది" అని చెప్పగలిగితే డాక్టర్ వెంటనే నిర్ణయం తీసుకోగలరు. "బాగానే ఉంది కదా, చూద్దాంలే" అని ఆగడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. లక్షణాలు కనిపించడానికి గంటలు పట్టొచ్చు. వాంతి చేయించి బయటికి రప్పించే అవకాశం ఈలోపే చేజారిపోతుంది.

అలాగని మీరే వాంతి చేయించకండి. ముఖ్యంగా ఉప్పునీళ్లు పట్టొద్దు. రక్తంలో సోడియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. మగతగా ఉన్న కుక్క వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది.

రెండింటి విషయంలో మాత్రం లెక్కలు వేస్తూ కూర్చోకండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష ఎంత తింటే కిడ్నీలు దెబ్బతింటాయో ముందుగా చెప్పలేం. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ లాంటి వాటిలో ఉండే జైలిటాల్ ఒక్కోసారి అరగంటలోపే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. తిన్నది ఇవైతే వెంటనే బయల్దేరండి, దారిలో ఫోన్ చేయండి.

ఈ వారం అభ్యాసం: కుక్కను ఎత్తుకుని బరువు చూసుకోండి, అందులోంచి మీ బరువు తీసేయండి. వచ్చిన అంకెను, డాక్టర్ నంబర్‌ను, రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి నంబర్‌ను ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. వచ్చే పాఠంలో ఉల్లి, వెల్లుల్లి సంగతి. అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీసిన సంగతి కొన్ని రోజులకు గానీ బయటపడకపోవచ్చు.