బలం పాఠాలు – 6: డెడ్‌లిఫ్ట్, బార్ నేల వదిలే ముందు

పోయిన పాఠంలో స్క్వాట్ కోసం పొట్టలోకి గాలి నింపి బిగబట్టడం నేర్చుకున్నాం. అది ఇంకా కుదరనివాళ్ళు మరో వారం అదే చేయండి, తొందరేం లేదు. స్క్వాట్‌లో బరువు భుజాల మీద పెట్టుకుని కిందికి దిగుతాం కాబట్టి ఒళ్ళు సర్దుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బరువుని నిటారుగా నిలబడి తొడల దాకా లేపడంలో, ఆ వెసులుబాటు లేదు. బరువు నేల మీద కదలకుండా ఉంటుంది, దాన్ని నేల నుంచి విడదీయాలి. అందుకే ఈ పాఠం ఎక్కువగా బార్ (ప్లేట్లు ఎక్కించే ఇనుప రాడ్) లేవకముందు చేసే పనుల గురించే.

ముందు జిమ్‌లో సామాను చూసుకోండి. పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌ల ఆట) పోటీల్లో వాడే బార్ 20 కిలోలు. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి, బార్ మధ్యభాగం నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన వీధి జిమ్ముల్లో చాలాచోట్ల చిన్న ఇనుప ప్లేట్లే ఉంటాయి. అవి వేస్తే బార్ ఇంకా కిందికి పోతుంది, మీరు ఇంకా వంగాలి, నడుము గుండ్రంగా తిరిగిపోతుంది. తప్పు మీ నడుముది కాదు, ప్లేట్లది. రెండువైపులా ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లు గానీ, పడుకోబెట్టిన ప్లేట్లు గానీ పెట్టి, టేపుతో కొలిచి ఎత్తు సరిచేయండి. ట్రైనర్ ‘రాడ్ ఇరవై కిలోలే’ అన్నా సరే, ఒకసారి తూకం వేయించండి. తేలికపాటి రాడ్లు చాలా తిరుగుతుంటాయి. మందపాటి మెత్తటి అడుగున్న రన్నింగ్ షూస్ వద్దు. పల్చటి, చదునైన అడుగున్న కాన్వాస్ బూట్లు చాలు.

ఇప్పుడు బార్ దగ్గరికి వెళ్ళండి. పాదాలు తుంటి వెడల్పులో పెట్టండి. పైనుంచి చూస్తే బార్ మీ పాదం మధ్యలో, అంటే బూటు లేసులు కట్టే చోట ఉండాలి. మోకాలి కింది ఎముకకి, బార్‌కి మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. ఇక్కడ మోకాళ్ళు వంచకుండా, తుంటి వెనక్కి నెట్టి వంగి, కాళ్ళకి కాస్త బయటగా బార్ పట్టుకోండి. పట్టుకున్నాక బార్‌ని ముందుకి గానీ వెనక్కి గానీ దొర్లించొద్దు. కాలి ఎముక బార్‌కి తగిలేదాకా మోకాళ్ళు ముందుకి వంచండి, అంతే. తగలగానే ఆగాలి. తర్వాత తుంటి కిందికి దించకుండా ఛాతీ పైకెత్తండి, నడుము దానంతటదే చదును అవుతుంది.

ఆ ‘తుంటి కిందికి దించకుండా’ అన్నచోటే చాలామంది తప్పిపోతారు. కుర్చీలో కూర్చున్నట్టు కిందికి కూర్చుంటే బలం ఎక్కువ వస్తుందనుకుంటారు. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ వీడియోలు చూసి వచ్చిన అలవాటది. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110 కిలోల స్నాచ్ (ఒకే ఊపులో తల మీదకి లేపడం), 130 కిలోల క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి) చేసి కాంస్యం తెచ్చింది. ఆ ఆటలో బార్‌ని భుజాల దాకా, తల మీదకి విసిరి పట్టుకోవాలి, అందుకే తుంటి కిందుంచి ఛాతీ నిటారుగా పెడతారు. పవర్‌లిఫ్టింగ్‌లో బార్ తొడల దాకా వస్తే చాలు. కిందికి కూర్చున్నా, బరువు లేచేలోపు తుంటి తన చోటికి తాను లేచిపోతుంది. వీడియో తీసుకుంటే తెలుస్తుంది: బార్ కదలదు, పిరుదులు మాత్రం పైకి వస్తాయి.

ఇక అసలు విద్య. గాలి నింపి, పొట్ట బిగించి, చంకల్లో ఏదో నొక్కిపట్టినట్టు చేతుల్ని ఒంటికి దగ్గరగా లాక్కోండి. ఇంకా లేపొద్దు. బురదలో దిగబడ్డ లారీని ట్రాక్టర్‌తో లాగేవాడు ముందు తాడు బిగుసుకునేదాకా మెల్లగా పోనిస్తాడు, ఆ తర్వాతే గట్టిగా లాగుతాడు. ఇక్కడా అంతే. ప్లేటు రంధ్రానికి, బార్‌కి మధ్య కాస్త సందు ఉంటుంది. మీరు మెల్లగా లాగితే ‘టక్’మని చిన్న చప్పుడు వస్తుంది, బార్ ఆ రంధ్రం పై అంచుకి ఆనుకున్నట్టు గుర్తు. చేతులు తాళ్ళలా సాగి ఉంటాయి, మోచేతులు నిటారుగా ఉంటాయి. ఆ చప్పుడు వినకుండా ఎవరూ లేపొద్దు. ఒక్కసారిగా గుంజితే వంగిన మోచేయి మీద, నడుము మీద దెబ్బ పడుతుంది.

చప్పుడు వచ్చాక బరువుని లాగుతున్నానని అనుకోకండి, పాదాలతో నేలని కిందికి నెడుతున్నానని అనుకోండి. బార్ కాళ్ళని రాసుకుంటూ రావాలి. పోటీల్లో డెడ్‌లిఫ్ట్‌కి మోకాలి కింద దాకా సాక్స్ తప్పనిసరి చేసింది అందుకే. పైన మోకాళ్ళు నిటారుగా, భుజాలు వెనక్కి, అంతే. వెనక్కి వాలక్కర్లేదు. పోటీలో రిఫరీ ‘డౌన్’ అనేదాకా పట్టుకుని, దించేటప్పుడు కూడా చేతులు వదలకుండా దించాలి. జిమ్‌లో దాన్ని అలవాటు చేసుకోండి, పైనుంచి పడేస్తే సగం ఎక్సర్‌సైజ్ వదిలేసినట్టే.

పట్టు సంగతి క్లుప్తంగా: రెండు అరచేతులూ మీవైపే ఉండేలా ఎంతకాలం వీలైతే అంతకాలం చేయండి. ఒక చేయి తిప్పి పట్టుకునేవాళ్ళు ఆ తిప్పిన మోచేతిని అస్సలు వంచొద్దు, బైసెప్స్ తెగే ప్రమాదం అక్కడే. పోటీలో స్ట్రాప్స్ (పట్టు జారకుండా మణికట్టుకి, బార్‌కి చుట్టే పట్టీలు) ఒప్పుకోరు.

ఈ వారం రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. మీ అసలు సెట్ 80 కిలోలు అనుకుంటే 40తో ఐదు, 55తో మూడు, 70తో రెండు చేసి, 80తో ఒక్క సెట్, అంటే వరసగా ఐదు రెప్స్ (ఐదుసార్లు లేపడం). ప్రతి రెప్‌కీ బార్ నేల మీద పూర్తిగా ఆగాలి, మళ్ళీ గాలి నింపాలి. ఐదూ శుభ్రంగా వస్తే వచ్చే వారం 2.5 కిలోలు పెంచండి. మీ జిమ్‌లో 1.25 ప్లేట్లు లేకపోతే ఒకేసారి 5 కిలోలు ఎక్కించొద్దు. ఆ వారం అదే బరువుతో ఆరు రెప్స్ చేయండి. బీపీ ఉన్నవాళ్ళు ఈ ఊపిరి బిగబట్టే పని మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి. నొప్పి నడుము నుంచి కాలిలోకి పాకితే ఆ రోజుకి ఆపేసి, చూపించుకోండి.

హోంవర్క్: ఫోన్‌ని మీకు పక్కగా, తుంటి ఎత్తులో పెట్టి ఆఖరి సెట్ వీడియో తీయండి. నెమ్మదిగా నడిపించి మొదటి రెప్‌లో బార్, తుంటి కలిసి లేచాయో లేదో చూడండి. తుంటి ముందు లేస్తే 10 కిలోలు తగ్గించి మళ్ళీ. ఏడో పాఠం బెంచ్ ప్రెస్.